చేతిగడియారములోని దిక్సూచి

ఈ దినమున నేను ముచ్చటింపదలచినది మిక్కిలి చిన్న వస్తువును గూర్చి. అది మణికట్టునకు కట్టుకొను గడియారము. కాలము చెప్పుటతో తృప్తిపడక, ఒక మీట నొక్కినచో దిక్కును గూడ చెప్పును. పట్టణములలోను విదేశములలోను ఉద్యోగములు చేయు పిల్లలు పండుగకు వచ్చునపుడు తండ్రులకు తెచ్చి యిచ్చు కానుకలలో ఇప్పుడు ఇది యొకటి. తమలో కొందఱి చేతికి ఈసరికే చేరియుండును. అది చెప్పు మాటను ఎంతవఱకు నమ్మవచ్చును, నమ్మదగినదిగా దానిని ఎట్లు చేసికొనవలెను అను రెండు సంగతులను నాకు తెలిసినంతవఱకు విన్నవింతును. ఈ తెలివి నాకు పుస్తకములవలన వచ్చినది కాదు. మొదట కొంత పరువు పోయినది. పుస్తకములు తరువాత చదివితిని.

2022వ సంవత్సరము మాఘమాసమున కృష్ణాజిల్లాలోని మా అత్తవారి ఊరిలో మా బావమఱది ఇల్లు కట్టనారంభించెను. ఊరి చివర తోటలో అర ఎకరము నేల. ప్రక్కనే బండ్లబాట. గోడలు దిక్కులకు సరిగా నుండవలెనని ఇంటిల్లిపాదికిని పట్టుదల. వాస్తుశాస్త్రపు చర్చకు నేనిచట దిగను. ఇల్లు కట్టుకొనువాడు దిక్కులకు సరిగా కట్టుకొనగోరినపుడు, అతనికి చూపిన దిక్కు సరియైనదై యుండుట న్యాయము, అంతే. అప్పటికి మా అబ్బాయి తెచ్చియిచ్చిన కొత్త గడియారము నా చేతికి వచ్చి పది దినములైనది. "మేస్త్రీ, నీవు శ్రమపడనక్కఱలేదు, దిక్కు నేను చెప్పెద" నని ముందుకు వచ్చి, మీట నొక్కి, ఉత్తరము ఇదియని చేయి చాచితిని. దారము కట్టిరి, ముగ్గు పోసిరి, ఒకవైపు పునాది త్రవ్వుట గూడ మొదలైనది.

మూడవనాడు మేస్త్రి నాయొద్దకు వచ్చి తలగుడ్డ విప్పి చేతబట్టుకొని, "అయ్యగారూ, గడియారము ఖరీదైనదే కావచ్చును గాని, కోవెల ధ్వజస్తంభము దాని మాటకు ఒప్పుకొనుట లేదు. ఈశాన్యపు మూల బండ్లబాటలోనికి పోవుచున్నది" అనెను. నాకు కోపము వచ్చినమాట నిజము. కోవెలలు మాత్రము అన్నియు సరిగా తూర్పునకే కట్టబడినవా? ఆ మాటయే అతనితో అంటిని. అతడు వాదింపలేదు. "రేపు ఎండ వచ్చిన తరువాత కఱ్ఱను అడుగుదము" అని వెళ్లిపోయెను.

మఱునాడు ఉదయము నేలను నీళ్లతో మట్టము చూచి చదును చేసి, అందు మూడడుగుల కఱ్ఱను నిట్టనిలువుగా పాతెను. కఱ్ఱ మొదలు కేంద్రముగా త్రాటితో ఒక వలయము గీసెను. ప్రొద్దున నీడ పొడవుగానుండి వలయమునకు వెలుపల నుండును. ప్రొద్దెక్కినకొలది కుఱుచయై, నీడకొన వలయమును తాకి లోపలికి వచ్చును. తాకినచోట ఒక మేకు నాటెను. మధ్యాహ్నము దాటిన తరువాత నీడ మరల పెరిగి, రెండవవైపున వలయమును తాకి వెలుపలికి పోయినది. అచట రెండవ మేకు. ఆ రెండు మేకులను కలిపిన గీత తూర్పు పడమరల గీత. ఆ మేకులనుండి త్రాటితో రెండు చాపములు గీచినచో అవి ఒకదానినొకటి ఖండించుకొని చేప ఆకారమేర్పడును. ఆ చేప తలనుండి తోకవఱకు గీచినది దక్షిణోత్తరముల గీత. సూర్యసిద్ధాంతమున త్రిప్రశ్నాధికారములో చెప్పబడిన పద్ధతి ఇదియే. మేస్త్రి ఆ గ్రంథము పేరు వినియుండలేదు. తన తండ్రివద్ద నేర్చెను.

ఆ గీతకును నా ముగ్గునకును నడుమ 14 డిగ్రీల భేదము తేలినది. 40 అడుగుల గోడకు 14 డిగ్రీలు తప్పినచో దాని రెండవకొన ఇంచుమించు 10 అడుగులు ప్రక్కకు జరుగును. మూల బాటలోనికి పోవుటకు కారణము తెలిసినది. త్రవ్విన గోయి పూడ్పించి మరల త్రవ్వించుటకు మూడుదినముల కూలి పోయినది. మా బావమఱది నన్ను ఒక్కమాట అనలేదు, మా అత్తగారు మాత్రము నా మణికట్టువైపు చూచి, "బాబూ, వేళయైనను సరిగా చెప్పునా అది?" అని అడిగిరి.

గడియారము పాడైనదనియే మొదట తలచితిని. పాడుకాలేదు. నేను నిలిచిన చోటికి నాలుగడుగుల దూరమున పునాదికై తెచ్చిన ఇనుపకడ్డీల కట్టలున్నవి. అంతేగాక, పెట్టెనుండి తీసిన నాటినుండి నేను దానిని ఒక్కసారియైనను సవరించియుండలేదు. ఈ రెండు తప్పులును వేర్వేఱు జాతులవి. ఒకదానికి చేయు మందు రెండవదానికి పనికిరాదు. ఇది తెలియకపోవుటవలననే చాలమంది గడియారమును నిందించుచున్నారు.

భూమి స్వయముగా ఒక పెద్ద సూదంటురాయివలె ప్రవర్తించునని 1600వ సంవత్సరమున విలియము గిల్బర్టను ఆంగ్లేయ వైద్యుడు గ్రంథము వ్రాసి చూపెను. పాతకాలపు దిక్సూచిలోని సూది ఆ ఆకర్షణమునకు లొంగి ఉత్తరదక్షిణములుగా నిలుచును. మన గడియారములో సూది లేదు. నికెలును ఇనుమును కలిసిన లోహము మిక్కిలి పలుచని పూతగా పూయబడి యుండును. అయస్కాంతబలము ఏ దిశగా తగులునో దానినిబట్టి అట్టి లోహముగుండ విద్యుత్తు పాఱుటకు కలుగు అడ్డు కొంచెము మారును. ఈ సంగతిని 1856లో విలియము థాంసను, అనగా తరువాత కెల్విను ప్రభువను బిరుదు పొందిన శాస్త్రజ్ఞుడు, కనిపెట్టెను. అట్టి పూతలను ఒకదానికొకటి అడ్డముగా రెండు, కొన్నిటిలో మూడు, అమర్చి, ఏది ఎంత మాఱినదో లెక్కగట్టి గడియారము డిగ్రీలలో దిక్కు చూపును. ఉత్తరము సున్న; తూర్పు 90; దక్షిణము 180; పడమర 270. మన ఎనిమిది దిక్కులును 45 డిగ్రీల కొకటి చొప్పున వచ్చును.

భూమియొక్క ఈ బలము ఎంత స్వల్పమో చెప్పిన నమ్మశక్యము కాదు. పలకకు అంటించు చిన్న అయస్కాంతపుబిళ్ళ దగ్గఱకు వచ్చినచో అది భూమి మాటను పూర్తిగా మూసివేయును. ఇందునకు మన దేశమున జరిగిన ఒక నిజమైన కథ కలదు. బొంబాయిలో కొలాబా అనుచోట భూమియొక్క అయస్కాంతబలమును నిత్యము కొలిచి వ్రాసియుంచు వేధశాల పందొమ్మిదవ శతాబ్దమునుండి ఉండెడిది. నగరములో గుఱ్ఱములు లాగు ట్రాము బండ్లకు బదులుగా విద్యుత్తుతో నడచు బండ్లను పెట్ట నిశ్చయింపగా, ఆ వేధశాలకు అధికారియైన నానాభాయ్ మూస్ అను శాస్త్రజ్ఞుడు, ఆ విద్యుత్తు పాఱుచున్నంత కాలము తన కొలతలు దేనికిని పనికిరావని తెలిసి, సముద్రమున కావల దక్షిణముగా నున్న అలీబాగున క్రొత్త వేధశాలను కట్టించెను. అయస్కాంతగుణము లేని రాయి ఏరి తెచ్చి కట్టిరి. 1904లో అచట కొలతలు మొదలైనవి. పాతచోటను క్రొత్తచోటను కొంతకాలము ఒకేసారి కొలిచి, రెంటికిని గల భేదము తెలిసికొని, పాత లెక్కలకు క్రొత్త లెక్కలు అతుకునట్లు చేసిరి. విద్యుత్తు ట్రాములు 1907లో నడచెను. ఒక పట్టణపు ట్రాము బండ్లకు జడిసి వేధశాలయే ఊరు విడిచిపోయినపుడు, ఇనుపకడ్డీల కట్టప్రక్క నిలిచి గడియారమును దిక్కడిగిన నా తెలివిని ఏమనవలెను?

కావున మొదటి జాగ్రత్త చోటు. ఇనుపబీరువా, ట్రాక్టరు, మోటారుసైకిలు, పంపుసెట్టు, లౌడుస్పీకరు, తలపైని విద్యుత్తు తీగలు, వీటికి దూరముగా పోవలెను. సిమెంటు మేడలలో గోడలోను కప్పులోను ఇనుపకడ్డీలున్నవి. ఇంటిలోపల చూచిన దిక్కును నమ్మరాదు. చొక్కాజేబులోని సెల్‌ఫోను గూడ అయస్కాంతము గలదే. చేతికి ఇనుపకడియము గలవారు తీసివేయవలెను. బంగారము, వెండి, రాగి ఏమియు చేయవు. మఱియొకటి: మన ప్రాంతములలో దొరకు నల్లరాతి బండలు కొన్ని స్వయముగా అయస్కాంతగుణము గలవి. బండపై గడియారము పెట్టి చూచువారు ఒకసారి దానిని నడుము ఎత్తునకు ఎత్తి మరల చూడవలెను. రెండుచోట్ల రెండు దిక్కులు చెప్పినచో ఆ బండ సాక్ష్యము చెల్లదు.

ఇక రెండవ తప్పు, గడియారము కడుపులోనిది. అందులో బ్యాటరీ యున్నది, ఉక్కు మేకులున్నవి. ఇవి కాలక్రమమున కొంచెము అయస్కాంతగుణము పట్టుకొనును. ఆ లాగుడు గడియారముతోగూడ తిరుగును. భూమి లాగుడు తిరుగదు. సవరణయొక్క రహస్యమంతయు ఈ భేదములోనే యున్నది. త్రాసులో ఒక తట్ట బరువైనచో వర్తకుడు ఏమిచేయును? సరకును రాళ్లను అటునిటు మార్చి తూచి, తట్టలోని దోషమెంతో తెలిసికొని ధడా కట్టును. ఇదియు అట్టిదే. గడియారమును ఒకసారి ఒకవైపునకు, రెండవసారి సరిగా దానికి వ్యతిరేకముగాను ఉంచి కొలిచినచో, భూమి వంతు తలక్రిందులగును, గడియారము వంతు అట్లే యుండును. ఆ మిగిలినదానిని అది గుర్తుంచుకొని, అప్పటినుండి ప్రతిసారియు తీసివేసి చెప్పును.

చేయవలసిన విధము చెప్పెదను. మీటల పేరులు ఒక్కొక్క గడియారమునకు ఒక్కొక్క విధముగా నుండును గావున అవి దానితో వచ్చు చిన్నపుస్తకములో చూచుకొనవలెను. ఇనుపమేకులు లేని కొయ్యపలకను పొలములో మట్టముగా పఱచి, దానిపై సుద్దతో నిడుపుగా ఒక గీత గీయవలెను. గడియారమును చేతినుండి తీసి, పండ్రెండు అంకె గీతవెంట నుండునట్లు పెట్టి, సవరణ మీట నొక్కవలెను. అది ఒకటవ కొలత తీసికొనును. తరువాత పైకెత్తక, అదేచోట నెమ్మదిగా సగము త్రిప్పి, ఆఱు అంకె మొదట పండ్రెండున్న వైపునకు వచ్చునట్లు చేసి, మరల నొక్కవలెను. సరిపోయినదని తెరపై చూపును. ఏ వైపునకు మొదలుపెట్టినను బాధలేదు; ఉత్తరమునకే పెట్టవలెనను నియమము లేదు. రెండు నిలుకడలును ఒకదానికొకటి సరిగా ఎదురుగా నుండుటయే ముఖ్యము. క్రొత్తజాతి గడియారములు కొన్ని ఇట్లు కోరక, చేతిని గాలిలో ఎనిమిది అంకె వ్రాసినట్లు పలుమాఱులు త్రిప్పుమనును. అదియు అన్ని వైపులనుండి ధడా చూచుకొనుటయే. పెద్దవారు బజారులో నిలిచి ఆ పనిచేసినచో చూచువారు వేఱుగా తలచెదరు. ఇంటి వెనుక చేసికొనుట మేలు.

మఱియొక సవరణ కలదు. నిజమైన ఉత్తరము మనకు వేఱు మార్గమున తెలిసియున్నచో, పండ్రెండు అంకెను దానివైపునకు త్రిప్పి, "ఇదియే ఉత్తరము" అని గడియారమునకు నేర్పవచ్చును. రెండును చేయదలచినవారు త్రిప్పు సవరణ మొదట, ఉత్తరపు సవరణ తరువాత చేయవలెను. వెనుక ముందైనచో కొన్ని గడియారములు రెండవదానిని మఱచిపోవును. ఉత్తరము తెలియుటకు మేస్త్రి కఱ్ఱ యున్నది. రాత్రియందు ధ్రువనక్షత్రమున్నది. మన ప్రాంతమున అది ఆకాశపు అంచునకు 13 మొదలు 19 డిగ్రీల ఎత్తున మాత్రమే యుండును. ఏ ఊరి అక్షాంశమెంతో అంత ఎత్తు. అందుచేత చెట్లు గాని మంచు గాని అడ్డము వచ్చును. కనబడినపుడు మాత్రము అది ఒక డిగ్రీకి లోపు భేదముతోనే ఉత్తరమును చూపును. గుండు కట్టిన దారములు రెండు వ్రేలాడదీసి, రెండును నక్షత్రమును ఒకే వరుసలోనికి వచ్చునట్లు సర్ది, తెల్లవాఱిన తరువాత ఆ దారముల క్రింద గీత గీయవచ్చును.

ఇచట ఒక పొరపాటు ఉపాయమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. గంటలముల్లును సూర్యునివైపునకు త్రిప్పి, ఆ ముల్లునకును పండ్రెండు అంకెకును నడిమి గీత దక్షిణమని చాల పుస్తకములు వ్రాయును. లండను పారిసు నగరములవారికి అది కొంతవఱకు సరియే. మనకు కాదు. అచట సూర్యుడు మధ్యాహ్నమున ఎప్పుడును దక్షిణముననే యుండును. మనకు వేసవిలో కొన్నివారములు నడినెత్తిని దాటి ఉత్తరమునకు పోవును. హైదరాబాదున ఇంచుమించు మే రెండవవారము మొదలు ఆగస్టు మొదటివారము వఱకు ఇట్లుండును. ఆ దినములలో మధ్యాహ్నము ఆ ఉపాయమును నమ్మినవాడు ఉత్తరమును చూచి దక్షిణమనును. మార్గశిర పుష్యములలో పరవాలేదు గాని, ఆఱునెలలు నిజమును ఆఱునెలలు అబద్ధమును చెప్పుదానితో మనకేల?

సూది చూపు ఉత్తరమునకును ధ్రువోత్తరమునకును స్వల్పభేదము కలదు. భూమియొక్క అయస్కాంతధ్రువము నిజమైన ధ్రువముమీద లేదు; నిలుకడగాను లేదు. 1831లో జేమ్సు క్లార్కు రాస్ అను నావికుడు దానిని కెనడా ఉత్తరభాగమున కనుగొనెను. నాటినుండి అది జరుగుచు జరుగుచు ఇప్పుడు సైబీరియా వైపునకు పోయినది. దాని నడకను బట్టి లోకమంతటికిని పనికివచ్చు పట్టికను శాస్త్రజ్ఞులు అయిదేండ్లకొకసారి దిద్దుచుందురు. 2019లో అది త్వరగా నడచుటచే గడువునకు ముందే దిద్దవలసివచ్చెను. తెలుగుదేశమున ఈ భేదము ఒకటి, ఒకటిన్నర డిగ్రీలకు మించదు. మన అదృష్టము. గడియారమున ఆ లెక్కను సున్నగా వదలివేసినను నష్టములేదు. కాని న్యూయార్కున సుమారు 13 డిగ్రీలు పడమటికి, సియాటిలున సుమారు 15 డిగ్రీలు తూర్పునకు తప్పును. అచట నివసించు మన పిల్లలు తమ ఊరికి అమర్చిన గడియారమునే తెచ్చి తండ్రికి కట్టినచో, ఆ అమరిక మనకు పనికిరాదు. నా గడియారమున అట్టి అంకె ఏదియు లేదని తరువాత చూచుకొంటిని, నేరమంతయు నాదే.

చూచునపుడు గడియారమును మట్టముగా పట్టవలెను. భూమియొక్క అయస్కాంతబలము నేలకు సమముగా నుండక క్రిందికి వాలియుండును. మనదేశపు దక్షిణపుకొనలో తుంబా దగ్గఱ ఆ వాలు ఇంచుమించు లేదు; 1963లో అచటినుండి మొదటి రాకెట్టును ఎగురవేయుటకు ఆ చోటును ఎన్నుకొన్న కారణములలో ఇది ముఖ్యము. ఢిల్లీలో 40 డిగ్రీలకు పైగా వాలును. మన ప్రాంతమున తక్కువయే గావున చేయి కొంచెము వంగినను ఢిల్లీవానికి వచ్చునంత తప్పు మనకు రాదు. అయినను చేయి వంచి చూచు అలవాటు మంచిది కాదు.

సరిగా సవరించిన తరువాత ఇది ఎంత సూక్ష్మముగా చెప్పును? తయారుచేయువారే పది డిగ్రీలవఱకు భేదము రావచ్చునని వ్రాసికొన్న గడియారములు కలవు. మంచిచోట చూచినపుడు నాది రెండు మూడు డిగ్రీలకు మించుట లేదు. ఒక డిగ్రీ తప్పినచో 60 అడుగుల దూరమునకు ఇంచుమించు ఒక అడుగు తప్పును. ఈ లెక్క ఒకటి జ్ఞాపకముంచుకొన్న చాలును. అడవిలో దారి తప్పినవానికి మూడు డిగ్రీలు లెక్కలోనివి కావు. దూరమున ఒక చెట్టును గుఱిగా పెట్టుకొని, దానిని చేరి, మరల అదే అంకెకు మఱియొక చెట్టును చూచుకొనుచు పోయినచో చుట్టుతిరుగక పోవచ్చును. తిరిగి వచ్చుటకు ఆ అంకెకు 180 కలుపుకొనవలెను. మొత్తము 360 దాటినచో 360 తీసివేయవలెను. నమాజు చేయు దిక్కునకును ఇది చాలును. హైదరాబాదునుండి మక్కా సరిగా పడమర కాదు. పడమరకు ఉత్తరముగా 12, 13 డిగ్రీలు, అనగా గడియారమున 282, 283 చూపుచోటు.

పొలము గట్టు తగవు వచ్చినపుడు మాత్రము దీనిని పైకి తీయవలదని పెద్దలకు నా ప్రార్థన. 600 అడుగుల గట్టుమీద మూడు డిగ్రీలనగా 30 అడుగులు. హద్దును సర్వేరాళ్లు, పటము, గొలుసు తేల్చవలెను. ఒకడు గడియారము తెచ్చినచో ఎదుటివాడును ఒకటి తెచ్చును; ఆ రెండును ఒకమాట చెప్పవు.

మా బావమఱది ఇంటికి వత్తును. కఱ్ఱ తేల్చిన గీత దొరకిన తరువాత, ఆ సాయంకాలమే కడ్డీలకు దూరముగా తోట నడుమకు ఆ గీతను సమానముగా త్రాటితో జరిపించి, సవరించక ముందు నా గడియారమును దానిపై పెట్టి చూచితిని. 6 డిగ్రీలు తప్పు చూపెను. త్రిప్పు సవరణ చేసిన తరువాత 2 డిగ్రీలకు వచ్చినది. ఉత్తరపు సవరణ గూడ చేయగా సున్నయైనది. సంతోషించి ఆ గడియారమునే మరల కడ్డీల కట్టలయొద్దకు తీసికొనిపోతిని. మరల 8 డిగ్రీలు తప్పెను. పదునాలుగింటిలో గడియారము వంతు ఆఱు, నేను నిలిచిన చోటి వంతు ఎనిమిది అని అప్పుడు తెలిసినది. మేస్త్రి ఇదంతయు ప్రక్కన నిలిచి చూచి, కఱ్ఱను పెరికి భుజమున పెట్టుకొనుచు, "దీనికి బ్యాటరీ ఎన్నాళ్లకు మార్చవలెనండీ?" అని అడిగెను. రెండు మూడేండ్లకనియు, మార్చినప్పుడెల్ల ఈ సవరణ మరల చేయవలసియుండుననియు చెప్పితిని. నిరుడు మార్పించితిని. ఆ ఇంటి తూర్పుగోడ వెంటనే పలక పఱచి, గోడలో కడ్డీలున్నవని జ్ఞాపకము వచ్చి, మరల తోట నడుమకు నడచితిని.